లింకు దస్తావేజు లేని ఉపన్యాసాలు

గోదావరి డెల్టాలోని హైస్కూళ్ల, జూనియర్ కాలేజీల పెద్దలకు, తెలుగు, సోషల్ మేష్టార్లకు, టీచరమ్మలకు, పిల్లలకు వక్తృత్వ పోటీలు పెట్టే సంఘాలవారికి

అయ్యా, అమ్మా,

నేను దస్తావేజు లేఖరిని. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల జనానికి క్రయ దస్తావేజులు, దఖలు దస్తావేజులు, భాగ పరిష్కారాలు రాసిపెడుతూ ముప్పై ఏళ్లు దాటాయి. తెలుగు కాస్త శుభ్రంగా రాస్తాననీ, సాయంత్రమైతే గ్రంథాలయంలో కూర్చుంటాననీ పేరుండటం వల్ల పదిహేనేళ్లుగా మీ పోటీలకు న్యాయనిర్ణేతగా పిలుస్తున్నారు. ఆగస్టు పదిహేను, జనవరి 12 యువజన దినోత్సవం, జనవరి 24 బాలికా దినోత్సవం, మార్చి 8, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పిలిచినప్పుడల్లా వచ్చాను. శాలువా కప్పారు, కాఫీ ఇచ్చారు, పెద్దమనిషిగా చూశారు. ఆ మర్యాదకు కట్టుబడి ఇన్నాళ్లూ మాట్లాడలేదు. ఇక మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను.

మొన్న నవంబరులో ఒక పోటీ. ఏ ఊరో, ఎవరు పెట్టారో చెప్పను, ఎందుకంటే అది ఏ ఊళ్లోనైనా ఒకటే. అంశం "వరకట్న దురాచారం". ఇరవై మూడు మంది పిల్లలు, తలా నాలుగు నిమిషాలు. మొదటి అమ్మాయి "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టింది. ఇరవై మూడో అబ్బాయీ ఆ మాటతోనే మొదలుపెట్టాడు. కట్నం సమాజానికి పట్టిన చీడపురుగు అని పద్నాలుగు మంది అన్నారు. నా కాగితం వారన గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. క్యాన్సర్ మహమ్మారి అన్నవాళ్లు ఆరుగురు. అసలు కట్నం ఎవరు ఎవరికి ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు, ఇవ్వకపోతే ఏమవుతోంది అన్నది చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

తొమ్మిదో పిల్ల ఎనిమిదో తరగతి చదువుతోంది. "నేటి సమాజంలో స్త్రీ" దగ్గర ఆగిపోయింది. రెండు చేతులూ చున్నీ కొసను మెలిపెడుతున్నాయి. కళ్లు మాత్రం హాలు చివర, గుమ్మం పక్కన నిలబడ్డ టీచరమ్మ మీదే ఉన్నాయి. టీచరమ్మ పెదాలు శబ్దం లేకుండా కదులుతున్నాయి. "అబల కాదు సబల." పిల్లకి అందలేదు. మళ్లీ కదిలాయి. మూడోసారికి అందుకుంది. అందుకుని, ఆగిన చోటు నుంచి కాక వాక్యం మొత్తం మొదటి నుంచీ చెప్పింది. మధ్యలోంచి పట్టుకోవటం ఆ పిల్లకి రాదు. హాలంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం గొంతు పట్టేసింది. కట్నం గురించి మాట్లాడుతూ మాట మరిచిపోతే సొంత మాటతో ముందుకు నడవొచ్చని ఆ పిల్లకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

మొదటి బహుమతి వచ్చింది ఒక ఇంటర్ కుర్రాడికి. మంచి కంఠం. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ దించాలో తెలుసు. చివర్లో బల్ల మీద చెయ్యి వేసి కొడితే మైకు కదిలింది. అతను దిగబోతుంటే నేను మైకు అడిగి తీసుకున్నాను. "బాబూ, చాలా బాగా మాట్లాడావు. ఒక్కటి చెప్పు. ఇంత చెడ్డదైతే మనవాళ్లు కట్నం ఎందుకు ఇస్తున్నారంటావు?" అన్నాను. కుర్రాడు వాళ్ల లెక్చరర్ వైపు చూశాడు. నిర్వాహకుల్లో ఒకాయన నా చెవి దగ్గరికి వంగి, "ప్రశ్నలొద్దండి, ముఖ్య అతిథి గారు ఇంకో ప్రోగ్రాంకి వెళ్లాలండి" అన్నారు. కుర్రాడు వెళ్లి కూర్చున్నాడు. ముగ్గురం కలిసి అతనికే మొదటి బహుమతి ఇచ్చాం. మీరిచ్చిన మార్కుల కాగితం ప్రకారం ఇవ్వక తప్పదు.

మీటింగు అయ్యాక సైకిల్ స్టాండు దగ్గరికి ఆ కుర్రాడే వచ్చాడు. చంకలో షీల్డు ఉంది.

"ఏమండీ, ఇందాక మీరడిగింది నాకు తెలుసండి."

"చెప్పు నాన్నా."

"మా అక్కకి సంబంధం చూస్తున్నారండి. ఇచ్చేదేదో ఇప్పుడే ఇచ్చేస్తే రేపు పొలంలో వాటా అడగదు కదా అంటారండి మా నాన్న. అమ్మకేమో, తక్కువిస్తే అక్కడ అక్కని తక్కువగా చూస్తారని బెంగండి. ఇద్దరిలో ఎవరిది తప్పంటే నేను చెప్పలేనండి."

"మరి ఇది స్టేజీ మీద చెప్పావు కాదేం?"

"ఇది ఉపన్యాసం కాదు కదండీ" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగు నిమిషాలపాటు అతను మైకులో చెప్పినదాంట్లో లేనిదంతా సైకిల్ స్టాండు దగ్గర చెప్పిన ఆ మూడు మాటల్లో ఉంది. కట్నానికి, భూమికి ఉన్న ముడి ఉంది. తండ్రి లెక్క వేరు, తల్లి భయం వేరు అన్న వివేకం ఉంది. తేల్చుకోలేకపోతున్నానని ఒప్పుకునే నిజాయితీ ఉంది. అది ఉపన్యాసం కాదని ఆ కుర్రాడికి నేర్పింది ఎవరు? మీరూ నేనూ కలిసి నేర్పాం. ఇన్నేళ్లుగా ఏ ఉపన్యాసానికి షీల్డు ఇస్తున్నామో చూసి నేర్చుకున్నాడు.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఫలానా సర్వే నంబరులో ఎకరం యాభై సెంట్లు నాది అని ఎవరైనా వస్తే మేం ముందడిగేది, నీకెలా వచ్చింది అని. నాన్న నుంచి వచ్చిందంటే నాన్నకెలా వచ్చింది? కొన్నాడంటే ఆ క్రయ దస్తావేజు ఏది? దాన్నే లింకు దస్తావేజు అంటాం. అది చూడందే కలం కదలదు. తర్వాత హద్దులు. తూర్పున ఎవరి భూమి, దక్షిణాన ఏ బోదె, పడమర ఏమిటి, ఉత్తరాన ఏమిటి. హద్దులు రాయని భూమి ఎక్కడా లేని భూమి కింద లెక్క. పిల్లల ఉపన్యాసాల్లో ఈ రెండూ కనపడవు. మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఉండదు, ఎంతవరకు నిలుస్తుందో ఉండదు. "సమాజం మారాలి" అంటారు. ఏ సమాజం? దానికి తూర్పున ఎవరున్నారు?

కట్నం సంగతే ఇంకాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది నా బల్ల మీదుగా నడిచే విషయం. ఇరవై మూడు మందిలో పంతొమ్మిది మంది "కఠినమైన చట్టాలు తేవాలి" అని ముగించారు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. దాని మూడో సెక్షన్ ప్రకారం కట్నం తీసుకోవటమే కాదు, ఇవ్వటం కూడా నేరమే. 1986 సవరణ తర్వాత కనీస శిక్ష అయిదేళ్లు, జరిమానా కనీసం 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, రెంటిలో ఏది ఎక్కువైతే అది. భారత శిక్షాస్మృతిలోకి వేధింపుల మీద 498-ఎ సెక్షన్ 1983లో వచ్చింది, వరకట్న చావుల మీద 304-బి 1986లో వచ్చింది, ఇప్పుడవే భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లయ్యాయి. ఇంత చట్టం ఉండగా దేశంలో ఏటా ఆరు వేల పైచిలుకు వరకట్న చావులు నేర రికార్డుల్లోకి ఎక్కుతున్నాయి. పదో తరగతి పిల్లాడికి ఇది తెలిస్తే "కఠిన చట్టాలు తేవాలి" దగ్గర ఆగడు. ఇచ్చినవాడూ నేరస్థుడే అయితే ఫిర్యాదు చేసేదెవరని అడుగుతాడు. బాధపడ్డవాళ్లు ఇచ్చే వాంగ్మూలం ఆధారంగా వాళ్ల మీదే ఈ చట్టం కింద కేసు పెట్టకూడదని ఏడో సెక్షన్ చెబుతోందని తెలుసుకుంటాడు. ఆ సంగతి మన ఊళ్లో ఎంతమంది తండ్రులకు తెలుసని అడుగుతాడు. అదీ ఉపన్యాసానికి పనికొచ్చే ప్రశ్న.

ఆ కుర్రాడు చెప్పిన పొలం వాటా సంగతి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో పాటు పుట్టుకతోనే హక్కు వచ్చింది. దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు రావటానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. అంటే ఈ విషయంలో మన నేల దేశానికంటే ఇరవై ఏళ్లు ముందు నడిచింది. మరి ఆ హక్కు ఏమైంది? నా దగ్గరికి వస్తోంది, ఆస్తిలో నా వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే హక్కు విడుదల దస్తావేజు రూపంలో. అన్నదమ్ములు ముందు వస్తారు, వెనకాల అక్కచెల్లెళ్లు వస్తారు. "పసుపు కుంకుమల కింద నాకు ముట్టవలసినది లోగడ ముట్టినందున" అని నేనే రాస్తాను. రాసి చదివి వినిపిస్తాను. ఒకావిడ, యాభై ఏళ్లుంటాయి, మొత్తం విని, "ముట్టింది మా ఆయనకండి, సంతకం నాదండి" అని, పెన్ను తీసుకుని చక్కగా సంతకం పెట్టి వెళ్లింది. ఆవిడ మాటల్లో ఉన్న వాదన పదిహేనేళ్లలో నేను విన్న ఏ ఉపన్యాసంలోనూ లేదు. అటువంటి ఆడవాళ్లు ప్రతి పిల్లాడి ఇంట్లోనూ ఒకరుంటారు. అడగమని పిల్లలకి చెప్పింది మాత్రం ఎవరూ లేరు.

అడగటానికి బదులు కొటేషన్లు కంఠస్థం చేయిస్తున్నాం. "ఆడపిల్ల అర్ధరాత్రి ఒంటరిగా నడిచిన నాడే నిజమైన స్వాతంత్ర్యం అని గాంధీజీ అన్నారు" అన్న వాక్యం లేకుండా మన జిల్లాల్లో ఆడవాళ్ల మీద ఉపన్యాసం ఉండదు. ఎప్పుడన్నారు, ఎక్కడ రాశారు అని నేను ఎందరో మేష్టార్లను అడిగాను. ఒక్కరూ చూపించలేదు. సరే, ఆయన అన్నారనే అనుకుందాం. ఆ మాటను మన ఊరి మీద పెట్టి చూసిన పిల్ల ఏది? రొయ్యల ఫ్యాక్టరీ బస్సు తెల్లారకముందే ఊళ్లోకి వచ్చి హారన్ కొడుతుంది. చీకట్లోనే ఆడవాళ్లు క్యారేజీ గిన్నెలు పట్టుకుని ఎక్కుతారు. రోజంతా ఐసు నీళ్లలో రొయ్య ఒలిచి ఒలిచి వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి ముడతలు పడతాయి. వాళ్లు చీకట్లో నడుస్తూనే ఉన్నారు. దాన్ని స్వాతంత్ర్యం అందామా, అవసరం అందామా? ఆ బస్సెక్కే తల్లుల పిల్లలే హాల్లో కూర్చుని ఆ కొటేషన్ విని చప్పట్లు కొట్టారు.

"యత్ర నార్యస్తు పూజ్యంతే" శ్లోకం కూడా అంతే. మనుస్మృతి మూడో అధ్యాయంలోది. అదే గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో "న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి" అని ఉంది. పిల్లలు ఆ శ్లోకం చదవకూడదని నేననను. రెండూ చదవమనండి. ఒకే గ్రంథంలో ఈ రెండు మాటలూ ఎలా ఇమిడాయో ఆలోచించమనండి. పూజించటం వేరు, స్వేచ్ఛనివ్వటం వేరు అన్నది పదిహేనేళ్ల పిల్ల తనకు తానే పట్టుకోగలదు. పట్టుకున్ననాడు ఆ పిల్ల గొంతు పెంచకపోయినా హాలు వింటుంది.

ఉపన్యాసం అంటే ఏమిటో తెలియని నేల కాదు మనది. రాజమహేంద్రవరం ఎంత దూరం? వితంతువుల పునర్వివాహాన్ని చట్టం ఒప్పుకున్నది 1856లో. కందుకూరి వీరేశలింగం పంతులు గారు అక్కడ మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు చట్టం కాగితం మీదే ఉంది. ఆయన 1879లో ఈ విషయం మీద ఉపన్యాసం ఇస్తే పండితులు ఖండించారు. వాళ్ల అభ్యంతరాలు తీసుకుని మళ్లీ ఉపన్యాసంలోనే జవాబు చెప్పారు. శాస్త్రం ఒప్పుకోదన్నవాళ్లకు పరాశర స్మృతితోనే సమాధానం ఇచ్చారు. ఎదుటివాడు ఏమంటాడో పూర్తిగా విని, వాడి పుస్తకంలోంచే వాడికి జవాబు తియ్యటం అంటే అది. మన పిల్లలు ఆయన పుట్టిన సంవత్సరం చెబుతారు, బిరుదులు చెబుతారు. ఆయనతో వాదించినవాళ్లు ఏమన్నారో చెప్పిన పిల్లని నేనింతవరకు చూడలేదు.

కాటన్ దొర విగ్రహం లేని ఊరు మన డెల్టాలో వెతుక్కోవాలి. "నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః" అని పిల్లలు కళ్లు మూసుకుని చదువుతారు. వినటానికి హాయిగానే ఉంటుంది. కానీ గోదావరి మీద ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట శ్లోకంతో రాలేదు. 1844, 45ల్లో ఆయన రాసిన నివేదికలతో వచ్చింది. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841కి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. అంత పెద్ద నది పక్కనే ఉండగా కరువులతో జిల్లా ఎండిపోతోంది. కావేరి నీళ్లు పారే తంజావూరును పక్కన పెట్టి, అక్కడ పంట ఎంత, శిస్తు ఎంత, ఇక్కడ ఎంత అని పోల్చి చూపించాడాయన. ఖర్చు పెట్టడానికి ఇష్టపడని ఈస్టిండియా కంపెనీవాళ్లకు అర్థమయ్యే భాష లెక్క. ఆ లెక్కలోనే చెప్పాడు. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది. మనం తినే అన్నం ఒక మంచి వాదన పెట్టిన భిక్ష. దాన్ని పిల్లలకు శ్లోకంగానే అందిస్తున్నాం.

మిగతా అంశాల సంగతి త్వరగా చెప్పేస్తాను. "బాల్య వివాహాలు" అంశం ఇస్తే, అదొక పాతకాలపు దురాచారమనీ మహనీయుల కృషితో పోయిందనీ చెబుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల వయసు స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు దేశం మొత్తం మీద 23.3 శాతం ఉంటే, మన రాష్ట్రంలో 29.3 శాతం ఉన్నారు. ఆ మాట చెబుతున్న పిల్ల క్లాసులోంచే ఒకరిద్దరు వేసవి సెలవుల తర్వాత బడికి తిరిగి రాలేదేమో. "మహిళా సాధికారత" అంటే ఝాన్సీ లక్ష్మీబాయి నుంచి కల్పనా చావ్లా దాకా పేర్లు చదువుతారు. కోనసీమలో ఎందరి అమ్మలు కువైట్ ఇళ్లల్లో పనిచేస్తూ, రాత్రి పన్నెండింటికి వీడియో కాల్‌లో పిల్లల్ని చూసుకుంటున్నారు! అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఆ పిల్లలకి సాధికారత గురించి చెప్పటానికి ఏమీ లేదా? నరసాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం సంతోషించాం. అరుగు మీద కూర్చుని క్రోషా సూదితో అల్లే అమ్మ పక్కన ఒక రోజు కూర్చుని, ఎన్ని గంటలకు ఎంత అల్లింది, దానికి చేతికి ఎంత వచ్చింది, బయట అది ఎంతకు అమ్ముతారు అని రాసుకొచ్చిన పిల్ల కనపడితే నేను నా చేతి డబ్బుతో బహుమతి ఇస్తాను.

"పర్యావరణం" అంటే ధ్రువాల్లో మంచు కరగటం నుంచి మొదలవుతుంది. బడి వెనక కాలువ ఉంది. రొయ్యల చెరువుల్లోంచి వదిలే నీళ్లు ఏ డ్రెయిన్లోకి పోతున్నాయో, పక్క వరి చేను చౌడు తేలిందని రైతు ఎందుకు గొడవ పడుతున్నాడో, చెరువు లీజుకు ఇచ్చిన రైతు తన ఎకరానికి వరిలో మిగిలేదేమిటని ఎందుకు అడుగుతున్నాడో, అందులో ఇద్దరి మాటా న్యాయంగానే ఎందుకు వినిపిస్తుందో. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు ఖాళీగా వదిలేశారంటే, వరిలో ఏం మిగులుతోందన్న ఆ ప్రశ్న ఎంత లోతుగా ఉందో ఆలోచించండి. ఈ గొడవ విన్న పిల్ల ఆర్కిటిక్ దాకా వెళ్లక్కర్లేదు.

కుల వివక్ష మీద ఉపన్యాసాల గురించి రాయాలంటే చెయ్యి ఆడటం లేదు, అయినా రాయాలి. "మనుషులందరూ ఒక్కటే" అని ప్రతి పిల్లా చెబుతుంది. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ గారి పేరు పెట్టే విషయంలో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఆనాడు ఆరో తరగతి చదివిన పిల్లలు ఇప్పుడు మన వేదికలెక్కుతున్నారు. వాళ్లు చూశారు. వాళ్ల ఇళ్లల్లో ఏం మాట్లాడుకున్నారో విన్నారు. ఆ వేదిక మీద మాత్రం ఆ రోజు జరగనే లేదు. పెద్దవాళ్లం భయపడి పిల్లలకి "అందరూ ఒక్కటే" రాసిస్తున్నాం. అందరూ ఒక్కటే అయితే ఆ రోజు ఎలా వచ్చిందని అడిగే పిల్లని మీరు ఆపకండి. జవాబు చెప్పలేకపోయినా ఆ ప్రశ్నని ఆ గదిలో ఉండనివ్వండి.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. పొద్దున్న పదింటికి సర్క్యులర్ వస్తుంది, మధ్యాహ్నం రెండింటికి ఇద్దరు పిల్లల్ని పోటీకి పంపమని. సిలబస్ అవలేదు, పదో తరగతి ఫలితాలు నెత్తి మీద ఉన్నాయి. అందుబాటులో ఉన్న ఉపన్యాసం ఒకటి రాసిచ్చి, ఇంటికి వెళ్లి కంఠస్థం చేసుకు రమ్మంటారు. ఆ టీచరమ్మ గుమ్మం పక్కన నిలబడి పెదాలు కదిపింది పిల్ల మీద ప్రేమతోనే. ముందు స్టేజీ భయం పోనివ్వండి, ఆలోచన తర్వాత వస్తుంది అని ఒక హెడ్మాస్టరు గారు నాతో అన్నారు. అయిదు, ఆరు తరగతుల వాళ్లకి అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇంటర్ కుర్రాడికీ అదే కొలత పెడుతున్నాం. స్టేజీ భయం ఎప్పుడో పోయింది, ఆలోచన మాత్రం సైకిల్ స్టాండు దగ్గరే ఆగిపోయింది.

ఇంకొకరు, పిల్లలు ఇంటి గుట్టు స్టేజీ మీద పెడితే ఆ తల్లిదండ్రులకు ఎలా ఉంటుంది అన్నారు. ఇది గట్టి మాట. నేను దీనికి చాలా ఆలోచించాను. ఇంటి సంగతి చెప్పి తీరాలని ఏ పిల్లనీ బలవంతపెట్టకూడదు. ఊళ్లో విన్నది, పేర్లు లేకుండా, "మా వీధిలో ఒకరు" అని చెప్పటం నేర్పవచ్చు. పేరు దాచటం, నిజం దాచటం ఒకటి కాదని కూడా అప్పుడే నేర్పవచ్చు. మా దస్తావేజులకు సాక్షులుంటారు. సాక్షి తన బతుకు కథ చెప్పడు, తన ఎదుట ఏం జరిగిందో అంతవరకే చెబుతాడు. పిల్లల్ని అలాంటి సాక్షులుగా నిలబెట్టండి.

నేను అడిగేవి పెద్దవి కావు. అంశం చిన్నది ఇవ్వండి. "వరకట్న దురాచారం" కాకుండా, "ఆస్తిలో వాటా ఇస్తే కట్నం ఆగుతుందా?" అని ఇవ్వండి. అవునని వాదించేవాళ్లూ కాదని వాదించేవాళ్లూ ఉండేలా ఇవ్వండి. వారం ముందు ఇవ్వండి, ఆ వారంలో ఊళ్లో ఇద్దరిని అడిగి రమ్మనండి. కాగితం చేతిలో పెట్టుకుని మాట్లాడనివ్వండి. కాగితం చూసి చదివితే మార్కులు కోసే ఆచారం ఎవరు పెట్టారో గానీ, మా ఆఫీసులో కాగితం లేని మాటకు విలువే లేదు. మార్కుల కాగితంలో ఉచ్చారణకు పది, హావభావాలకు పది, ధారణకు పది, సమయపాలనకు పది ఉన్నాయి. వాదనకు ఒక్క మార్కూ లేదు. హావభావాల పది తీసేసి, "ఈ మాట నీకెలా తెలిసింది?" అన్నదానికి పెట్టండి. అవతలివాడి మాట తన మాటల్లో న్యాయంగా చెప్పగలిగిన పిల్లకి ఇంకో అయిదు పెట్టండి.

అన్నిటికన్నా ముందు, ప్రతి పిల్లకీ ఉపన్యాసం తర్వాత ఒక ప్రశ్న. ఒక్కటే. ఇరుకున పెట్టే ప్రశ్న కాదు, ఆ పిల్ల చెప్పిన మాటలోంచే వచ్చే ప్రశ్న. తెలియకపోతే "తెలియదండి, తెలుసుకుని చెబుతానండి" అనటం తప్పు కాదని ముందే చెప్పండి. ఆ జవాబుకూ మార్కులు పెట్టండి. తెలియదని నలుగురిలో చెప్పటం నేర్చుకున్న పిల్లలు రేపు పంచాయతీలో, పెళ్లిచూపుల్లో, జండా పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లే ముందు కూడా ఒక్క నిమిషం ఆగుతారని నా ఆశ.

ఈ నవంబరు వారోత్సవాలకు మళ్లీ పిలుస్తామని మీలో కొందరు ఇప్పటికే అన్నారు. వస్తాను. ఒక్క ప్రశ్న పద్ధతి పెడితేనే వస్తాను. టైము సరిపోదంటే శాలువాలు, పరిచయాలు, న్యాయనిర్ణేతల పలుకులని నాకిచ్చే పది నిమిషాలు తీసేయండి. ముఖ్య అతిథి గారిని కూడా పిల్లల మధ్యలో కూర్చోబెట్టి, ఆయన చేత కూడా ఒక ప్రశ్న అడిగించండి. ఆ ఇంటర్ కుర్రాడు ఇప్పుడు సీనియర్ ఇంటర్‌లో ఉంటాడు. వీలైతే అతన్ని మళ్లీ పంపమని వాళ్ల కాలేజీవాళ్లను నా తరఫున అడగండి. ఆ రోజు నేనడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతాను, ఈసారి మైకులో జవాబు చెప్పనివ్వండి.

ఇట్లు,
మీ పోటీలకు వచ్చే దస్తావేజు లేఖరి,
నరసాపురం ప్రాంతం